వర్క్‌షాపు గుమ్మం మీది నామఫలకానికి

మహారాజశ్రీ అమెరికా హైస్కూలు వర్క్‌షాపు గుమ్మం మీది నామఫలకం గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

తమరు ఇప్పుడు 'కెరీర్ అండ్ టెక్నికల్ ఎడ్యుకేషన్' అనే నిండైన పేరుతో వెలుగుతున్నారు. 1917లో స్మిత్-హ్యూస్ చట్టం వ్యవసాయానికీ, పారిశ్రామిక వృత్తులకూ, గృహవిజ్ఞానానికీ కేంద్ర నిధులు కేటాయించిన నాడు తమరు వట్టి 'వొకేషనల్', అంటే వృత్తివిద్య. ఆ మాట చెవిన పడగానే తల్లిదండ్రుల మొహాలు ముడుచుకుంటున్నాయని గ్రహించిన పెద్దలు 1998లో ఆ విద్య నేర్పే ఉపాధ్యాయుల సంఘం పేరునూ, 2006లో దానికి కేంద్ర నిధులిచ్చే పెర్కిన్స్ చట్టంలోని మాటనూ మార్చివేశారు. జబ్బు చూడవచ్చిన చుట్టాలది, మందు పూసింది మాత్రం తమరికి.

ఆ చుట్టాల అనుమానం పూర్తిగా నిరాధారమని నేను అనను. పేదపిల్లలనూ, నల్లజాతి పిల్లలనూ కాలేజీ దారి తప్పించి ఈ గుమ్మంలోకి తోసిన చరిత్ర తమరికీ తెలుసు. చదువును రెండు పాయలుగా చీల్చవద్దని విద్యా తత్వవేత్త జాన్ డ్యూయీ 1915లోనే వాదించారు గాని, ఆ పాయలు నేటికీ ఒకే వరండాకు చెరొక కొసన ప్రవహిస్తూనే ఉన్నాయి.

తమరి చూపు ఎప్పుడూ బయటికే కనుక, లోపలి సంగతి ఒకటి విన్నవించుకుంటాను. పదహారేళ్ల కుర్రవాడొకడు లోహపు ముక్కను సరిగ్గా 30 డిగ్రీల వాలులో నిలపాలని కోణాలు అమర్చే ఉక్కు కడ్డీ అయిన 5 అంగుళాల సైన్ బార్ తెచ్చుకుని, 30 డిగ్రీల సైన్ విలువ సగం కాబట్టి దాని ఒక కొస కింద రెండున్నర అంగుళాల ఎత్తుకు గేజ్ బ్లాకులు, అంటే కచ్చితమైన మందం గల దిమ్మెలు, పెట్టాలని లెక్కగట్టి, వాటిని ధూళి లేకుండా తుడిచి, ఒకదాని మీద ఒకటి జరుపుతూ నొక్కి, అతుక్కున్నాయో లేదో పైకెత్తి చూసుకుంటున్నాడు. అదే గంటలో వరండా అవతలి కొసన అదే సైన్ పట్టికను వల్లె వేస్తున్న మరో కుర్రవాడు "ఇది ఎక్కడ పనికొస్తుంది సార్?" అని అడిగితే, "పరీక్షలో" అని జవాబు వచ్చింది. కౌన్సెలర్ గారి ఫైలులో లెక్కల్లో అంతంతమాత్రం అని రాసి ఉన్నది మొదటివాడి గురించి.

తమరికి మళ్లీ నామకరణం జరిగే సూచనలు కనబడితే, పలక దించడానికి బయటి మనుషులకు కబురు పెట్టకండి. మరలు ఊడదీయడానికీ, కొత్త రేకు కోసి, కొలిచి, రంధ్రాలు తొలిచి బిగించడానికీ చేతులున్నవాడు తమరి కిందనే ఉన్నాడు. అక్షరాలు వంకర పోకుండా కూడా చూసుకుంటాడు.

ఇట్లు,
తమరి కింద నుంచి తల వంచి వెళ్లే ఒక విధేయుడు