లైనక్స్‌కి వైరస్ రాదట, ఇక తలుపులెందుకు!

బ్రాడ్‌బ్యాండ్ అబ్బాయి ఇప్పుడే వెళ్ళాడు. ఒళ్ళు మండిపోతోంది. ఆఫీసు నుంచి ఇంటి సిస్టమ్‌కి వైర్‌గార్డ్‌తో (నెట్ మీద రహస్య సొరంగం లాంటి వీపీఎన్ అది) కనెక్ట్ అవ్వాలి, రౌటర్‌లో ఒక్క యూడీపీ పోర్ట్ ఫార్వర్డ్ చెయ్యి బాబూ, అంటే బయటి నుంచి నా సిస్టమ్‌కి ఆ ఒక్క దారే వదులు అన్నాను. ఆ మహానుభావుడు నా ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) మెషీన్‌ని ఏకంగా డీఎంజెడ్‌లో పడేశాడు! అంటే బయటి నుంచి ఎవడు ఏ పోర్ట్‌కి వచ్చినా నేరుగా నా నెత్తి మీదికే. కిటికీ తెరవమంటే గోడ పడగొట్టినట్టు. ఇదేంటయ్యా అంటే, "లైనక్స్ కదా సార్, వైరస్ రాదు. మాదీ హిందూపురమే, నమ్మండి" అంటాడు. హిందూపురానికీ, బయటివాళ్ళని ఆపే ఫైర్‌వాల్‌కీ ఏంటి సంబంధం? తీసెయ్యమంటే మళ్ళీ కంప్లైంట్ పెట్టాలట.

సిస్టమ్ రాసుకునే చిట్టా, అదే లాగ్, తెరిచి చూద్దును కదా, దూరం నుంచి లాగిన్ అవ్వడానికి వాడే 22వ పోర్ట్ (ఎస్‌ఎస్‌హెచ్) మీద వరసగా 'ఇన్‌వాలిడ్ యూజర్' లైన్లు. అడ్మిన్, టెస్ట్, పై (pi), ఒరాకిల్... నోటికొచ్చిన పేరల్లా పెట్టి ఎవడో బాదుతూనే ఉన్నాడు. నా దగ్గరున్న కీ ఫైల్ లేనిదే లాగిన్ కుదరకుండా పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. వెంటనే ఉబుంటు ఫైర్‌వాల్ యూఎఫ్‌డబ్ల్యూ ఆన్ చేసి, 22ని ఇంటి నెట్‌వర్క్ వరకే ఉంచి, వైర్‌గార్డ్ పోర్ట్ తప్ప బయటి నుంచి వచ్చే దారులన్నీ మూసేశాను. ఉబుంటు వాడేవాళ్ళూ, ఈ యూఎఫ్‌డబ్ల్యూ సిస్టమ్‌తోనే వస్తుంది గానీ మనం ఆన్ చేసేదాకా నిద్రపోతూనే ఉంటుంది, చూసుకోండి.

వైరస్ రాదట! మా బావగారిదీ ఇదే పాట. మరి 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ (వైరస్ లాంటిదే) దేని మీద బతికిందండీ? లైనక్స్‌తో నడిచే కెమెరాలు, రౌటర్ల మీదే. కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఎవరూ మార్చలేదు, అంతే. ఆ అక్టోబరులో అవన్నీ కలిసి, సైట్ల పేర్లకి నెట్ అడ్రసులు చెప్పే డైన్ అనే కంపెనీ మీద పడితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ చాలామందికి తెరుచుకోనే లేదు.

రౌటర్ నువ్వే సరిచేసుకోవచ్చుగా అనకండి. అసలు అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గరే ఉంటుంది. నాకిచ్చింది వైఫై పేరు మార్చుకునే భాగ్యం మాత్రమే. స్టాటిక్ ఐపీకి (మారకుండా ఉండే నెట్ అడ్రసుకి) నెలనెలా విడిగా పిండుకోవడం మాత్రం మర్చిపోరు.

పోనీ కంపెనీ మారదామా? బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌కి ఆ ఒక్క కంపెనీయే దిక్కు. అసోసియేషన్ వాళ్ళు ఇంకొకరిని గేటు దాటనివ్వరు. కిందటి మీటింగ్‌లో అడిగితే సెక్రటరీ గారు, "కేబుళ్ళు ఎక్కువైతే బిల్డింగ్ అందం పాడవుతుంది" అన్నారు. మరి తమరి బాల్కనీలోంచి వేలాడుతున్న ఆ రెండో కంపెనీ కేబుల్ ఏమిటి సార్, మనీప్లాంట్ తీగా?