క్యాబినెట్ డెల్టా

గోదావరి డెల్టాలో ఎన్ని డెల్టాలున్నాయని బడిపిల్లల్ని అడిగితే మూడంటారు: తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా. ఈ లెక్క సవరించాల్సిన సమయం వచ్చిందని సంబంధిత అధికారులకు సవినయంగా మనవి చేస్తున్నాను. భీమవరం నుంచి అమలాపురం దాకా, పాలకొల్లు నుంచి రాజోలు దాకా మేడమీది ఏసీ గదుల్లో, కంప్యూటర్ల అద్దాల పెట్టెల్లో, నాలుగో డెల్టా ఒకటి పారుతోంది. దానికి పంపుంది, రాకకొకటి పోకకొకటి రెండు కాలువలున్నాయి, చివర ఆయకట్టుంది. రంగుల దీపాలు అదనం. నీటి తీరువా మాత్రం ఇంకా ఎవరూ వెయ్యలేదు.

కంప్యూటర్‌కి ప్రాసెసర్‌ని ద్రవంతో చల్లబరిచే లిక్విడ్ కూలర్ అవసరమా అని అడిగేవాళ్లని నేను తప్పుపట్టను. పాపం, మెట్ట నుంచి వచ్చినవాళ్లయ్యుంటారు. నీళ్లు పారించడం మనకి అవసరం కాదండీ, హోదా. 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలెట్టి 1852కల్లా ఆనకట్ట ముగించిన కాటన్ దొరకి ఊరూరా విగ్రహం కట్టుకున్న జనం మనం. అలాంటి గడ్డమీద ఒక ప్రాసెసర్‌ని ఉత్త ఫ్యాను గాలికి వదిలేస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు? పొలం ఎండగట్టేశాడనుకోరూ?

ఈ విద్య మనతో మొదలవ్వలేదని మాత్రం ఒప్పుకోవాలి. 1985లో వచ్చిన క్రే-2 అనే సూపర్ కంప్యూటర్‌ని ఏకంగా ఫ్లోరినెర్ట్ అనే ద్రవంలో ముంచేసి నడిపారు. 2004లో యాపిల్ కంపెనీ పవర్ మ్యాక్ జీ5లో ద్రవం పారించింది. అలాంటి యంత్రాల్లో కొన్ని తర్వాత కారడం మొదలెట్టి లోపలి సామాన్లని నాశనం చేశాయి. 2009లో కోర్సెయిర్ హెచ్50 అనే రెడీమేడ్ లిక్విడ్ కూలర్ వచ్చాక పని సులువైంది. లోపలి పంపు డెన్మార్క్‌వాళ్ల అసెటెక్ చేసింది. నీళ్లు పోసే పని లేదు, తెచ్చి బిగించుకోవడమే. అక్కణ్ణుంచి ధర దిగుతూ దిగుతూ ఇవాళ అయిదారు వేల దగ్గరికొచ్చింది. పులస కోసమైతే పుస్తెలమ్మాలి. దీనికి ఈఎంఐ చాలు.

పాలకొల్లు పక్కన ఒక రొయ్యల చెరువుల ఆసామి ఇంట్లో చూశాను. టేకు బల్ల, దానిమీద రెండడుగుల అద్దాల పెట్టె. లోపల కోర్ ఐ3-12100. ఆ ప్రాసెసర్‌తో పాటు కంపెనీవాడే చిన్న కూలర్ ఒకటి పెట్టెలో పెట్టిస్తాడు. మామూలుగా ఆ ప్రాసెసర్ 60 వాట్ల సరుకు, ఎంత రెచ్చగొట్టినా 89 వాట్లు దాటదు. దాని నెత్తిన 360 మిల్లీమీటర్ల సైజు రేడియేటరూ మూడు ఫ్యాన్లూ పెట్టించారు. నూరెకరాల ఊరికి ప్రధాన కాలువంత కాలువ తవ్వించారన్నమాట. ఆ కంప్యూటర్ పొద్దస్తమానం చేసే పని టాలీలో మేత బస్తాల లెక్క. చెరువు గట్టున ఏరియేటర్లకి జనరేటరుంది. దీనికి యూపీఎస్ లేదు. కరెంటు పోతే రొయ్యలు బతుకుతాయి, లెక్కలు పోతాయి. కానీ అబ్బాయి సంబంధానికి పెళ్లివారొచ్చిన రోజున ఆ పెట్టె ఆన్‌లో పెట్టి, ఎదురుగా కుర్చీలేశారు. కాఫీ తాగుతూ పిల్ల మేనమామ గారు, "లోపలేం పోశారండీ?" అని మర్యాదగా అడిగారు. "ఆయ్, లిక్విడండీ" అన్నారు ఆసామి గారు, అంతకంటే మర్యాదగా. సంబంధం కుదిరింది. ఈ ఫలితం ఏ కంపెనీ బెంచ్‌మార్కులోనూ ఉండదు.

ఇక సాంకేతిక వివరం. ప్రాసెసర్ మీద రాగి పలక ఒకటి కూర్చుంటుంది, దాని కడుపులో వెంట్రుకల్లాంటి సన్నటి గాడులు. పంపు వాటిగుండా ద్రవాన్ని తోస్తుంది. వేడి మోసుకున్న ద్రవం ట్యూబులో రేడియేటర్‌కి చేరుతుంది, ఫ్యాన్లు ఆ వేడిని గదిలోకి ఊదేస్తాయి, చల్లబడ్డది వెనక్కొస్తుంది. నీరు పల్లమెరుగు, వేడి కూడా అంతే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గది 38 డిగ్రీలుంటే రేడియేటర్‌లోంచి వచ్చే ద్రవం 38కి కిందకి రాదు, కంపెనీ పేరు ఏదైనా సరే, దీపాలు నీలంగా వెలిగినా సరే. పల్లాన్ని దాటించి ఎగువకి పంపాలంటే పట్టిసీమలోనూ తాడిపూడిలోనూ చేసినట్టు ఎత్తిపోతల పథకం కావాలి. గదిలో ఆ ఎత్తిపోతలకి ఏసీ అని పేరు. ప్రాసెసర్ వేడిని కూలర్ గదిలోకి తోడుతుంది, గది వేడిని ఏసీ వీధిలోకి తోడుతుంది, బిల్లు చూసి వచ్చిన వేడిని మాత్రం ఇంటి పెద్దాయనే భరించాలి.

పెట్టె మీద వాట్ల సంగతి కూడా చెప్పాలి. నాసిరకం కూలర్ డబ్బా మీద మూడొందల వాట్ల వేడి తోడుతుందని బంగారు అక్షరాలతో వేస్తారు. ఎంత వేడి గదిలో, ఫ్యాన్లు ఎంత వేగంతో తిరిగితే, ప్రాసెసర్ ఎన్ని డిగ్రీల దగ్గర నిలిచిందో వెయ్యరు. సామెతలో మొదటి సగం పైన వాడేశాను. నిజం దేవుడెరుగన్న రెండో సగం ఈ డబ్బా కోసం దాచాను.

షాపులో కొత్త కూలర్ బిగించి అయిదు నిమిషాలు టెస్టు నడిపి, "చూశారా సార్, యాభై దాటలేదు" అంటాడు కుర్రాడు. దాటదు మరి. గ్రాము నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 జౌళ్లు కావాలి. ట్యూబుల్లోని ద్రవమంతా కాగడానికి టైము పడుతుంది. అరగంట నడిపించమని అడగండి. కుర్రాడి మొహం, ద్రవం రెండూ ఒకేసారి వేడెక్కుతాయి.

బిగింపు దగ్గరే అసలు కళ ఉంది. రాగి పలక అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, బిగించే ముందు ఒలిచెయ్యమని దానిమీదే ఇంగ్లీషులో రాసుంటుంది. దాన్ని ఒలవకుండా పైనుంచి వేడిని అందించే పేస్టు రాసి బిగించిన మహానుభావులున్నారు. అప్పుడు రాగి చల్లగా ఉంటుంది, ద్రవం చల్లగా ఉంటుంది, ఓనరు గారి మనసు చల్లగా ఉంటుంది, ప్రాసెసర్ ఒక్కటే నూరు డిగ్రీలకి చేరి తన వేగం తనే తగ్గించుకుంటుంది.

పంపు తీగని మదర్‌బోర్డు మీద పంపు కోసం ఉంచిన చోట గుచ్చి, ఎప్పుడూ పూర్తి వేగంతో తిరగనివ్వాలి. ప్రాసెసర్ ఫ్యాను చోటు ఖాళీగా వదిలేస్తే ఆన్ చేసిన ప్రతిసారీ ఫ్యాను లేదని బోర్డు గగ్గోలు పెడుతుంది. అక్కడ రేడియేటర్ ఫ్యాన్లు గుచ్చాలి. దీపాల తీగ సంగతి మరీ నాజూకు. మూడు సూదులది అయిదు వోల్టులు, నాలుగు సూదులది పన్నెండు. అయిదుదాన్ని పన్నెండులోకి బలవంతంగా తోస్తే దీపాలు ఒక్కసారి వెలుగుతాయి, జన్మకి చాలినంత.

రేడియేటర్ ఎక్కడ పెట్టాలన్నది ఊళ్లలో ఇంకా తెగని పంచాయితీ. లోపల ఎంతో కొంత గాలి ఉండి తీరుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబు రబ్బరులోంచి ద్రవం కంటికి కనపడకుండా కాస్త కాస్త పోయి ఆ గాలి పెరుగుతుంది. గాలి ఎత్తుకి చేరుతుంది కాబట్టి అన్నిటికంటే ఎత్తున పంపు ఉండకూడదు. క్యాబినెట్ పైకప్పుకి రేడియేటర్ బిగిస్తే గొడవే లేదు. ముందువైపు నిలబెడితే దాని పై అంచు పంపు కంటే ఎత్తుండాలి, ట్యూబులు కిందికి ఉంటే మరీ మంచిది. కానీ అడుగున పెడితేనే దీపాలు బాగా కనిపిస్తాయని ఒక ఇంట్లో అడుగున పెట్టించారు. రాత్రి పక్కగదిలో పడుకున్న తాతగారికి గుడగుడమని చప్పుడు వినపడింది.

"ఏరా, లాకులెత్తేరేంటి? ఇంకా జూన్ రాలేదుగా?"

"కాలువ కాదు తాతా, కంప్యూటర్."

"దానిక్కూడా వంతులేనా?"

అడగాల్సిన ప్రశ్నే. శివారుకి నీరందడం లేదన్న సంగతి డెల్టా రైతుకి చప్పుడుని బట్టే తెలుస్తుంది. మనవడికి తెలియడానికి పంపు కాలిపోవాల్సొచ్చింది.

ఆ తాతగారే, 2027లో పుష్కరాలొస్తున్నాయి కదా, ఆ నీళ్లే ఇందులో పోయిస్తే పుణ్యమూ చల్లదనమూ రెండూ కలిసొస్తాయి కదా అన్నారు. లోపలుండేది శుద్ధి చేసిన నీళ్లూ గ్లైకాలూ, రాగి–అల్యూమినియం పక్కపక్కనుంటే పుట్టే తుప్పుని ఆపే మందూ. నది నీటి లవణాలు ఆ వెంట్రుకల్లాంటి గాడుల్లో గారకట్టి కూర్చుంటాయి. పైగా తక్కువ ధర కూలర్లలో చాలావాటికి పోసే మూతే ఉండదు. పుణ్యం స్నానంతోనే సరిపెట్టుకోవాలి.

ఇంతకీ డెల్టాలో నిజంగా ప్రాసెసర్ కాగేది ఎక్కడో తెలుసా అండీ? ఫొటో స్టూడియోల్లో. మాఘమాసం ముహూర్తాలు మొదలైతే పెళ్లి వీడియోల రెండరింగ్ రాత్రి పది గంటలకి మొదలై తెల్లారి పాలవాడొచ్చేదాకా నడుస్తుంది. రావులపాలెంలో ఒక ఎడిటర్ దగ్గరికి లిక్విడ్ కూలర్ల ఉద్యమ ప్రచారానికి వెళ్లాను. అతని సిస్టమ్‌కి పక్క తలుపు లేదు. లోపల రెండుమూడు వేలకి దొరికే టవర్ ఎయిర్ కూలర్: నాలుగు రాగి గొట్టాలు, అల్యూమినియం రేకులు, 120 సైజు ఫ్యాను ఒకటి. ఎదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాను. దుమ్ముతో నల్లబడ్డ ఆ రేకుల్ని పెయింటు బ్రష్షుతో దులుపుతూ మాట్లాడాడు.

"ఫ్యాను పోతే అయిదొందలకి పక్క వీధిలో ఇంకోటి దొరుకుద్దండి. అదొచ్చేలోపు కూడా ఆ రేకులు ఎంతో కొంత వేడి లాగుతానే ఉంటాయి. మీ దాంట్లో పంపు పోతే ఏం చేస్తారండి? పెళ్లివాళ్లు ఆగుతారా?"

అంతటితో ఆగలేదు. టవర్ కూలర్ ఫ్యాను గాలి ప్రాసెసర్ చుట్టూ ఉండి దానికి కరెంటు సర్ది ఇచ్చే వీఆర్ఎం భాగాలకీ తగులుతుందనీ, లిక్విడ్ కూలర్ పెడితే ఆ చుట్టుపక్కల గాలి కదలదనీ, చవక మదర్‌బోర్డుల్లో ముందు కాలేది అక్కడేననీ చెప్పాడు. 120 సైజు లిక్విడ్ కూలర్ చాలాసార్లు మంచి టవర్ కూలర్‌కి సాటిరాదన్నాడు. ఐ9-14900కె లాంటి 253 వాట్ల దాకా లాగే ప్రాసెసర్‌ని కొన్ననాడు 360 సైజుది కొంటానన్నాడు. క్యాబినెట్ ఇరుకై టవర్ ఎత్తు పట్టనప్పుడు 240దైనా అర్థముందన్నాడు. అన్నీ నిజాలే. ఇలాంటి మాటల వల్లే ఉద్యమాలు చచ్చిపోతాయి.

అయినా నా డిమాండ్లు నేను పెడతాను. 1997 చట్టం ప్రకారం రైతులకి నీటి సంఘాలున్నట్టే అద్దాల పెట్టెల యజమానులకీ ఒక సంఘం ఉండాలి. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసి పూడిక తీసినట్టు ఏడాదికోసారి కంప్యూటర్లు కట్టేసి రేడియేటర్ పూడిక తీయించాలి. ఇది హాస్యానికి అనడం లేదు. మండపేట మిల్లుల వైపు ఊక దుమ్ము, అంతర్వేది వైపు ఉప్పుగాలి. ఆ రేడియేటర్ రేకుల మధ్య సందు మూసుకుపోతే లోపల ఎంత ద్రవం పారినా దండగే. ఫ్యాను రెక్కల్ని వేలితో ఆపిపట్టి బ్లోయరు కొట్టాలి. కొనేముందు క్యాబినెట్ పైన రేడియేటరూ ఫ్యాన్లూ కలిపి పడతాయో, ర్యామ్‌కి తగులుతాయో టేపు పెట్టి కొలుచుకోవాలి. పొలం గట్టు దగ్గర జానెడు తేడాకి కోర్టుకెళ్లే మనం దీనికి మాత్రం కంటిచూపు చాలనుకుంటాం. వారంటీ ఎన్నేళ్లో చూడాలి. ఆర్కటిక్ కంపెనీ తన లిక్విడ్ ఫ్రీజర్ 3కి ఆరేళ్లిస్తోంది. కారితే కూలర్ ఒక్కటే మార్చిస్తారా, తడిసిన మిగతా సామాన్లకీ పూచీ పడతారా అన్నది చిన్న అక్షరాల్లో ఉంటుంది. కళ్లజోడు పెట్టుకుని ఆ ముక్క చదవాలి.

వారంటీ ఉండటం వేరు, అందటం వేరు అన్నది మన చివరి మడి రైతుకి చెప్పక్కర్లేదు. గుడగుడ ఇంటి మనవడు పంపు కాలిన కూలర్‌ని అట్టపెట్టెలో పెట్టుకుని కొరియర్ ఆఫీసుకెళ్లాడు. సర్వీస్ సెంటర్ హైదరాబాద్‌లో. కౌంటర్లో కుర్రాడు పెట్టె తూకమేసి, ఏముంది లోపలన్నాడు. లిక్విడ్ కూలర్ అన్నాడు మనవడు, ఇంకా మిగిలివున్న కాస్త గర్వంతో. కుర్రాడు పెట్టెని నెమ్మదిగా వెనక్కి తోశాడు.

"లిక్విడ్లు తీసుకోమండి."

వివరించాడు. సీలేసి ఉంటుంది, కారదు, అందులో ఉన్నది చెంబుడు నీళ్లు కూడా కాదు. కుర్రాడు వినలేదు. వెనక లైన్లో పూతరేకుల డబ్బాలతో నించున్న పెద్దావిడ విసుక్కుంటోంది. చివరికి కుర్రాడే జాలిపడి పెన్ను చేతికిచ్చి, ఫారంలో ఏం రాయాలో చెప్పాడు.

"ఎయిర్ కూలర్ అని రాసెయ్యండి. వెళ్లిపోద్ది."