"పెట్టి చూద్దాం" అనే జవాబు ఇంకెన్నాళ్లు?

మూర్ఛకు స్టిమ్యులేషన్ పరికరం (నరానికో మెదడుకో కరెంటు పంపేది) పెట్టే ముందు ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "డాక్టర్ గారూ, మా వాడికి పనిచేస్తుందా?" జవాబు "చెప్పలేం, పెట్టి చూద్దాం." ఈ జవాబంటే నాకు కోపం. డాక్టర్ల మీద కాదు, వాళ్లకు ఇంకో జవాబు లేకుండా పోయిన తీరు మీద.

ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. వాళ్లలో ఇంచుమించు మూడో వంతు మందికి మందులతో ఫిట్స్ ఆగవు. ఫిట్స్ పుట్టే చోటు దొరికి, దాన్ని తీసేసినా ఇబ్బంది లేదనుకుంటే ఆపరేషన్ చేస్తారు. అది కుదరనివాళ్లకే ఈ పరికరాలు. మెడలో వేగస్ నరానికి తీగ చుట్టే వీఎన్ఎస్‌కు అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. ఫిట్స్ మొదలవడాన్ని పసిగట్టి అప్పటికప్పుడు కరెంటు పంపే ఆర్ఎన్ఎస్‌కు 2013లో, మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌లో ఎలక్ట్రోడ్లు దించే డీబీఎస్‌కు 2018లో వచ్చింది.

ఇన్నేళ్లలో ఎంతమందికి పెట్టి ఉంటారు! అయినా ఎవరికి పనిచేస్తుందో ముందుగా చెప్పే నమ్మకమైన పరీక్ష ఒక్కటీ మామూలు వైద్యంలోకి రాలేదు.

అసలు "పనిచేసింది" అని ఎప్పుడు రాసుకుంటారో తెలుసా? ఫిట్స్ సగానికి తగ్గితే. నెలకు 20 వచ్చేవి 10కి తగ్గితే గెలిచినట్టే. కానీ ఆ పదిలో ఒక్కటి స్నానాల గదిలో వచ్చినా చాలు, ప్రాణం మీదికి వస్తుంది. ఇంకొకరికి మొత్తం మీద 40 శాతమే తగ్గి, కిందపడేసే పెద్ద ఫిట్స్ పూర్తిగా పోయాయనుకోండి. లెక్క ప్రకారం ఆ మనిషి ఓడినట్టే. ఇలాంటి గీత పట్టుకుని, ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పమని కంప్యూటర్ మోడల్‌కు నేర్పితే అది మాత్రం ఏం నేర్చుకుంటుంది?

పైగా ఫలితం తేలడానికి ఏళ్లు పడుతుంది. డీబీఎస్ మీద జరిగిన సాంటే అనే ట్రయల్‌లో ఫిట్స్ తగ్గుదల మధ్యస్థ విలువ (మీడియన్) మొదటి ఏడాదికి 41 శాతం, అయిదేళ్లకు 69 శాతం. ఆగితే మేలు జరగొచ్చని ఆశ చూపించే అంకెలివి. నిజమే. కానీ ఎప్పటికీ పనిచేయని మనిషి కూడా అదే ఆశతో ఆగుతాడు. వీఎన్ఎస్ అయితే ఛాతీలో పరికరం, బొంగురుపోయే గొంతు, బ్యాటరీ అయిపోతే మళ్లీ సర్జరీ. ఆ ఏళ్లు ఎవరు తిరిగిస్తారు?

పరిశోధన జరగట్లేదని కాదు. ఆపరేషన్‌కు ముందు తీసిన ఈఈజీలో (మెదడు కరెంటు సంకేతాల రికార్డింగ్) లయలు, ఎమ్మారైలో థాలమస్ మిగతా మెదడుతో కలిసే తీరు, గుండె వేగంలో హెచ్చుతగ్గులు, వీటన్నిటిలో సూచనలు కనిపించాయి. ఇబ్బందల్లా ఆ అధ్యయనాలు చాలావరకు కొద్దిమంది మీద, ఒకే ఆసుపత్రిలో జరగడం. అక్కడ బాగా కుదిరిన మోడల్ ఇంకో చోటి పేషెంట్ల మీద తడబడొచ్చు. వేరే చోట పరీక్షించకుండా దాన్ని విజయమని చెప్పడం నాకు నచ్చదు.

నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనవాళ్లు పరికరం పనిచేయనివాళ్లు. వాళ్లే లెక్కల్లోంచి జారిపోతున్నారు. విసిగి పరికరం ఆపించుకుంటారు, డాక్టర్‌ని మారుస్తారు. పరికరం పెట్టిన ప్రతి ఒక్కరి ముందటి ఈఈజీ, ఎమ్మారై, తర్వాతి సెట్టింగులు, ఫిట్స్ డైరీ, వాళ్ల ఒప్పుకోలుతో, పేర్లు తీసేసి, ఆసుపత్రులన్నీ ఒకచోట చేర్చాలి. కంపెనీలు కూడా.

ఒక భయం మాత్రం ఉంది. రేపు మోడల్ "ఈయనకు 20 శాతమే అవకాశం" అంటే, ఇన్సూరెన్స్ వాళ్లు దాన్నే సాకు చేసుకుని డబ్బు ఇవ్వం అనొచ్చు. ఆ అంకె పేషెంటు చేతిలో ఉండాలి. 20 శాతానికైనా సిద్ధపడేవాళ్లుంటారు, 60 శాతమన్నా వద్దనేవాళ్లూ ఉంటారు.

ఇది చదివేవాళ్లలో పరికరం పనిచేయక తీయించుకున్నవాళ్లుంటే, మీ పాత ఈఈజీ రికార్డింగులు పారేయకండి. రిపోర్టు కాగితం ఒక్కటే సరిపోదు, రికార్డింగ్ కాపీ కూడా అడిగి తీసుకోండి. ఎవరైనా అధ్యయనం చేస్తున్నారని తెలిస్తే ఇవ్వండి.