నేరుగా మగ్గం నుంచే... మరి రిస్కు ఎవరిది?

హైదరాబాద్ కొండాపూర్‌లో కొత్తగా తెరిచిన బొటిక్ అయినా, విజయవాడలో ఇంటి హాల్లోంచి ఇన్‌స్టాగ్రామ్ లైవ్ పెట్టే అమ్మాయి అయినా ఈమధ్య ఒకటే మాట: 'నేరుగా నేతన్న దగ్గర నుంచే తెస్తున్నాం, మధ్యలో ఎవరూ లేరు.' వినడానికి బాగుంటుంది. కొనేవాళ్లకు ధర తగ్గినట్టు, నేసేవాళ్లకు కూలి పెరిగినట్టు, అమ్మేవాళ్లకు పుణ్యం దక్కినట్టు అనిపిస్తుంది. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలవుతుంది. మధ్యలో ఉన్న మనిషిని తీసేయడం తేలికే. ఆ మనిషి ఇన్నాళ్లూ చేసిన పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? చాలా బొటిక్‌ల విషయంలో ఆ పనీ, దాంతోపాటు వచ్చే నష్టభయమూ చడీచప్పుడు లేకుండా మగ్గం మీద కూర్చున్న మనిషి నెత్తికే చేరుతున్నాయి.

చీరాల, మంగళగిరి, పోచంపల్లి, గద్వాల ఎక్కడికెళ్లినా మాస్టర్ వీవర్ అనే ఒకాయన ఉంటాడు. కొన్నిచోట్ల షావుకారు అంటారు. నూలో పట్టో ఆయనే కొని ఇస్తాడు. డిజైన్ ఆయనదే, రంగులు వేయించే ఖర్చూ ఆయనదే. చీర దిగాక మజూరి (నేత కూలి) కడతాడు. ఆ చీర శ్రావణంలో అమ్ముడవుతుందా, దీపావళి దాకా బీరువాలో ఉంటుందా అన్న టెన్షన్ నేతగాడికి ఉండదు. ఇంట్లో పెళ్లికో, ఆసుపత్రికో అప్పు కూడా ఆయనే ఇస్తాడు, ఆ అప్పుతోనే నేతగాడిని ఏళ్ల తరబడి కట్టిపడేస్తాడు. కాబట్టి ఆయన ధర్మదాత అని నేను చెప్పబోవడం లేదు. 2019-20 చేనేత గణనలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల ఆదాయం నెలకు 5,000 రూపాయల లోపేనని తేలిందంటే, ఆ పాపంలో షావుకార్ల వాటా కూడా ఉంటుంది. కానీ పెట్టుబడి ఆయనది, నిల్వ భారం ఆయనది. ఆ రెండూ తీసుకోకుండా ఆయన లాభం మాత్రమే తీసుకుంటామని బొటిక్ వాళ్లు అంటే కుదరదు.

బొటిక్ వాళ్లు మగ్గాల ఊరికి వెళ్లి సాధారణంగా అడిగేదేమిటి? 'ఇదే డిజైన్, నెమలికంఠం రంగులో, ఒకటే పీస్, పది రోజుల్లో.' ఫోన్‌లో ఒక ఫొటో చూపిస్తారు. పోచంపల్లిలోనో పుట్టపాకలోనో ఆ మాట అన్నారంటే ఇక్కత్ (నేయకముందే దారానికి డిజైన్ ప్రకారం రంగులు వేసే నేత) ఎలా పుడుతుందో తెలియదని అర్థం. ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో వరసగా ఉన్న మేకుల చుట్టూ పేక (అడ్డం) దారాన్ని తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఈ పని తరాలుగా ఇంటి ఆడవాళ్లదే, భుజాలు పడిపోయినా విడిగా కూలి లెక్కలో రాదు. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆసు అయ్యాక దారాల మీద డిజైన్ గుర్తులు పెట్టి, రంగు ఎక్కకూడని చోట రబ్బరు పట్టీలతో బిగించి కట్టాలి. పాత సైకిల్ ట్యూబులు కోసిన పట్టీలు దీనికి బాగా పనికొస్తాయి. రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొత్తవి కట్టి, మళ్లీ ఇంకో రంగు. తర్వాత ఆ పేకను వరస తప్పకుండా కండెలనే చిన్న గొట్టాలకు చుట్టాలి. ఒక్క కండె తారుమారైతే డిజైన్ చెదురుతుంది. మరోపక్క పడుగు (నిలువు దారాలు) సిద్ధం చేసి, పాత పడుగు కొసలకు ఒక్కో పోగూ అతకాలి. ఇంత చాకిరీ ఒక్క చీర కోసం ఎవరూ చేయరు. ఒక పడుగు వేశారంటే వరసగా కొన్ని చీరలు దిగాల్సిందే. ఆన్‌లైన్ అమ్మకంలో 'సింగిల్స్'కే గిరాకీ, ఇంకొకరి దగ్గర లేని చీర కావాలి. మగ్గం లెక్క వేరు, బొటిక్ లెక్క వేరు. మీరు ఒకటి తీసుకుని వెళ్లిపోతే ఆ పడుగు మీద మిగిలినవి ఎవరివి? షావుకారైతే వాటిని నలుగురు వ్యాపారులకు సర్దుతాడు. 'నేరుగా' ఆర్డర్ తీసుకున్న నేతగాడి ఇంట్లో అవి అలాగే ఉంటాయి.

ఇంతకన్నా ఇబ్బందైన పద్ధతి ఇంకొకటుంది. 'చీరలు పంపండి, అమ్ముడయ్యాక డబ్బులు వేస్తాం, మిగిలినవి తిరిగి ఇస్తాం.' బొటిక్ నడిపేవాళ్లకు ఇది ప్రాణం, ఎందుకంటే పెట్టుబడి లేకుండానే షాపు నిండుతుంది. లెక్క కోసం మగ్గం దగ్గర 4,000 రూపాయలు పడే చీర అనుకుందాం. ఎనిమిది చీరలంటే 32,000. అందులో సగానికి పైగా నూలుకు, రంగులకు చేతి నుంచి పెట్టిందే అనుకోండి. మూడు నెలలు ఆ డబ్బు ఎక్కడో రాక్ మీద వేలాడుతుంటే రెండో పడుగు వేయడానికి నూలు రాదు. నూలు లేకపోతే మగ్గం ఆగిపోతుంది. మూడో నెలలో నాలుగు చీరలు వెనక్కి వస్తాయి, మడతల దగ్గర రంగు కాస్త వెలిసి, లైవ్‌లో పదిమంది చేతులు పడి. వాటిని మళ్లీ పూర్తి ధరకు ఎవరు కొంటారు? ఈ మూడు నెలలూ బొటిక్‌కు వడ్డీ లేని అప్పు ఇచ్చింది నెలకు 5,000 కూడా రాని కుటుంబం. ఇదీ 'దళారి లేని' వ్యాపారం.

చట్టం ఈ విషయంలో నేతగాడి పక్షానే ఉంది, కాగితం మీద. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదు. ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకు మూడింతలు, అదీ నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నిబంధన ఇంకో మెలిక పెట్టింది: గడువులోగా చెల్లించని ఆ బాకీని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చు కింద చూపించుకోలేరు. అయితే ఈ రక్షణ దక్కాలంటే తయారుచేసే మనిషికి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉండటం ముఖ్యం. ఇంట్లో ఒక్క గుంట మగ్గం ఉన్నవాళ్లలో అది ఎంతమందికి ఉంటుంది? ఫోన్‌లో ఉచితంగా అయిపోయే పని. మనసున్న బొటిక్ యజమాని ఆర్డర్ ఇచ్చేటప్పుడే కూర్చుని అది చేయించవచ్చు. కానీ చేయిస్తే తన మెడకే చుట్టుకుంటుందని కూడా తెలుసు కదా.

బిల్లు సంగతి కూడా చెప్పాలి. ఇంటి నేతగాళ్లలో చాలామందికి జీఎస్టీ నంబర్ ఉండదు, బొటిక్ ఆడిటర్‌కు మాత్రం బిల్లు కావాలి. అందుకే 'నేరుగా' అని చెప్పుకునే సరుకులో చాలావరకు బిల్లు చేనేత సహకార సొసైటీ పేరు మీదో, మాస్టర్ వీవర్ పేరు మీదో వస్తుంది. ఇందులో తప్పేమీ లేదు, ఆ మాట దాచడమే తప్పు. పన్ను లెక్క కూడా సరుకు ఎంపికను మారుస్తుంది. చీర బట్ట కిందకు వస్తుంది కాబట్టి ధర ఎంతైనా 5 శాతమే. అదే మంగళగిరి బట్టతో కుట్టించిన లాంగ్ ఫ్రాక్ 2,500 దాటిందంటే 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం. చేనేత బట్టతో రెడీమేడ్ చేసే చిన్న బొటిక్‌లకు ఇది గట్టి దెబ్బే.

అన్నిటికన్నా పట్టించుకోనిది క్యాలెండర్. బొటిక్‌కు సీజన్ శ్రావణంతో మొదలవుతుంది: వరలక్ష్మీ వ్రతం, ఆ తర్వాత దసరా, దీపావళి, పెళ్లిళ్లు. ఆర్డర్లేమో ఆషాఢంలో గుర్తొస్తాయి. సరిగ్గా అప్పుడే గుంట మగ్గాల్లోకి నీళ్లు ఊరతాయి. పడుగుకు గంజి పెట్టి వీధిలో సాగదీసి ఆరబెట్టాలంటే ఎండ ఉండదు. నూలు తేమ పీల్చుకుని సరిగా సాగదు. కలంకారీ అయితే మరీ కష్టం. కరక్కాయ, పాలలో నానబెట్టిన గుడ్డ ఆరాలి, ఇనుప తుక్కు, బెల్లం కలిపి పులియబెట్టిన నల్ల ద్రవంతో గీసిన గీతలు ఆరాలి, ఒక్కో రంగుకూ ఉతికి మళ్లీ ఆరబెట్టాలి. వారం ఆలస్యమైతే 'మాకు ఈవెంట్ పోయింది, ఆర్డర్ క్యాన్సిల్' అని మెసేజ్ వస్తుంది. మాఘంలోనో వేసవిలోనో ఆర్డర్ ఇచ్చి, సగం డబ్బు ముందు కట్టి ఉంటే ఆ మగ్గం ఎండాకాలమంతా ఆడేది, చీర టైముకు వచ్చేది. కానీ శ్రావణం సరుకు కోసం వేసవిలోనే డబ్బు పెట్టాలంటే బొటిక్‌కు పెట్టుబడి ఉండాలి. కథ మళ్లీ అక్కడికే వస్తుంది.

ఎన్నారై అమ్మకాల మీద బతికే బొటిక్‌లకు 2025లో పెద్ద కుదుపే వచ్చింది. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికా ఇచ్చే సుంకం మినహాయింపు ఆగస్టు 29తో పోయింది. దానికి నాలుగు రోజుల ముందే మన తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్సిళ్లు తీసుకోవడం కొన్నాళ్లు ఆపేసింది. డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లాల్సిన దసరా, దీపావళి చీరలు ఇక్కడే చిక్కుకుంటే ఎవరు భరించాలి? సరుకు ముందే కొన్న బొటిక్ అయితే ఆ బొటిక్. 'అమ్ముడయ్యాక ఇస్తాం' అన్నవాళ్లకు మాత్రం అమెరికా సుంకం సమస్య పోచంపల్లి వీధికి బదిలీ చేయడానికి ఒక ఫోన్ కాల్ చాలు.

'డ్యామేజ్' అనే మాట దగ్గర కూడా ఆగాలి. మర నేతలా ప్రతి అంగుళం ఒకేలా ఉండాలని చేనేత చీరను వెనక్కి పంపేవాళ్లను చూస్తుంటాం. ఎక్కడో ఒక పేక పోగు తేలిందని, కొంగు దగ్గర రంగు పావు వంతు తేడా ఉందని. లైవ్‌లో అమ్మేవాళ్లు 'ఓపెనింగ్ వీడియో లేకపోతే రిటర్న్ లేదు' అని కొనేవాళ్లకు గట్టిగా చెప్తారు. నేతగాడికి మాత్రం అలాంటి రక్షణ ఏదీ ఉండదు, బొటిక్ ఎప్పుడైనా తిప్పి పంపొచ్చు. ఏది లోపం, ఏది చేతిపని లక్షణం అన్నది ఆర్డర్ రోజే, చీర చేతిలో పెట్టుకుని, ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి.

నకిలీల సంగతి అందరికీ తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. చీర సహా 11 రకాల వస్త్రాలను 1985 చట్టం చేనేతకు కేటాయించింది, 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉంది, పోచంపల్లి ఇక్కత్‌కు 2005 నుంచి జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది. అయినా ఇక్కత్ ప్రింట్ గుడ్డ షాపుల్లో విచ్చలవిడిగా దొరుకుతుంది. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఇక్కత్‌లో రంగు దారానికే ఉంటుంది కాబట్టి రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ప్రింట్‌కు వెనకవైపు వెలవెలబోతుంది. అసలైన చీరల రాక్‌లో నాలుగు నకిలీలు కలిపే బొటిక్‌ల వల్ల అసలు నేసినవాళ్లే ధర దగ్గర బేరానికి దిగాల్సి వస్తోంది.

బొమ్మల దగ్గర లెక్క కాస్త తేలిక. ఏటికొప్పాక అంకుడు కర్ర బొమ్మలైనా, తెల్లపొణికితో చేసే కొండపల్లి బొమ్మలైనా ధర చిన్నది, డజన్ల లెక్కన కొనవచ్చు, అమ్ముడుపోకపోయినా పాడయ్యేది తక్కువ. కొత్తగా బొటిక్ పెట్టేవాళ్లు ఎవరైనా అడిగితే ముందు వీటిని నగదుకు కొనమంటాను. సంక్రాంతి, దసరా బొమ్మల కొలువులకు గిరాకీ ఎలాగూ ఉంటుంది. అక్కడ కూడా కర్ర ఆరాలి, రంగు పట్టాలి. పండక్కి వారం ముందు వెళ్లి వందల్లో అడిగితే తొందరపాటు పనే చేతికి వస్తుంది.

పెట్టుబడి తక్కువున్న బొటిక్‌కు నా సలహా వినడానికి అంత రొమాంటిక్‌గా ఉండదు. పది ఊళ్ల పేర్లు బోర్డు మీద రాసుకునే కన్నా రెండు ఊళ్లు ఎంచుకోవడం మేలు. మగ్గం ఇంటికి వెళ్లి అరువుకు చీరలు తెచ్చుకునే కన్నా, సొసైటీ దగ్గరో నమ్మకమైన మాస్టర్ వీవర్ దగ్గరో రెడీగా ఉన్న సరుకు నగదుకు కొనడమే నేసేవాళ్లకు ఎక్కువ మేలు చేస్తుంది. ప్రభుత్వ సంస్థలు సొసైటీలకు బకాయిలు పడటం రెండు రాష్ట్రాల్లోనూ పాత కథే. అలాంటి సొసైటీకి వెంటనే డబ్బిచ్చే కొనుగోలుదారు ఒకరు దొరికినా అక్కడ మజూరి ఆగకుండా నడుస్తుంది. సొంత డిజైన్ కావాలంటే పడుగు మొత్తం తీసుకోవాలి. అంత స్తోమత లేకపోతే ఇద్దరు ముగ్గురు బొటిక్ వాళ్లు కలిసి ఒక పడుగు పంచుకోవచ్చు. పడుగు రంగు ఒకటే ఉంచి, పేకలో, కొంగులో రంగులు మార్పిస్తే ఒక్కో చీరా వేరుగానే కనిపిస్తుంది. సింగిల్స్ సమస్య చాలావరకు తీరుతుంది. నూలుకు అడ్వాన్స్ ముందు, మిగతాది చీర చేతికి వచ్చిన రోజే. ఈ మాట ఇచ్చేవాళ్లు సంక్రాంతి వెళ్లగానే ఊరికి వెళ్లాలి. అప్పుడు మగ్గాలు ఖాళీగా ఉంటాయి, బేరానికి తొందర ఉండదు, ఎండ ముందుంటుంది.