ఆందోళన: చెందవద్దు, చేయవద్దు

కొత్త నాయకుడు గద్దెనెక్కిన రోజు జనానికి అందే మొదటి ప్రసాదం ఒకటే: "ప్రజలెవరూ ఆందోళన చెందవద్దు." దీని తయారీ విధానం ఇంతవరకు ఎవరూ శాస్త్రీయంగా రాయలేదు కనక ఆ భారం మన నెత్తిన పడింది.

ముఖ్యమంత్రి ప్రమాణస్వీకార సభ స్థలానికి మన బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల కొదవలేదు. 2014 జూన్ 8న నాగార్జున యూనివర్సిటీ ఎదురుగా, 2019 మే 30న బెజవాడ మునిసిపల్ స్టేడియంలో, 2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో. అన్నీ రోహిణి, మృగశిర కార్తెలే. జనం ఉడుకుతారు, కూలర్ల మూతులు వేదికవైపు ఉంటాయి.

దినుసులు: వేదికనలంకరించిన పెద్దల పేర్లు మూడో వంతు. ఖజానా ఖాళీ, ఒక గరిటె (మిగతాది శ్వేతపత్రంలో వడ్డిస్తారు). రాత్రింబవళ్ళు కష్టపడటం, తగినంత. దించేముందు "ఆందోళన చెందవద్దు" ధారాళంగా. తేదీ మాత్రం పొరపాటున కూడా పడకూడదు. పడిందా, మాట నిలవుండదు.

ఈ సంగతి తెలియని అమాయకుడు అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. 1933 మార్చి 4న ప్రమాణం చేసేసరికి బ్యాంకుల ముందు జనం బారులు. రెండు రోజుల్లో దేశంలో బ్యాంకులన్నీ మూయించాడు, 9న చట్టం చేయించాడు, 12న ఆదివారం రాత్రి రేడియో ముందు కూర్చుని పావుగంటలోపే ముగించేశాడు. మీరు దాచిన డబ్బు బ్యాంకువాడు ఇనప్పెట్టెలో పెట్టి కూర్చోడు, తిప్పుతుంటాడు, అందరూ ఒక్కసారే అడిగితే ఎవడూ ఇవ్వలేడని విడమరిచాడు. పైగా టైంటేబుల్! సోమవారం ఫెడరల్ రిజర్వ్ (అక్కడి కేంద్రబ్యాంకు) బ్యాంకులున్న పన్నెండు ఊళ్ళు, మంగళవారం క్లియరింగ్ హౌసులు (బ్యాంకులు చెక్కులు మార్చుకునే చోట్లు) ఉన్న ఊళ్ళు, బుధవారం నుంచి మిగతావి. తెరిచాక జనం ఇంట్లో దాచిన నోట్లు తెచ్చి మళ్ళీ కట్టారు. శాలువా లేదు, గజమాల లేదు. ఏం సభ అది?

మన పద్ధతి చూడండి. బెజవాడ రామవరప్పాడు రింగులో బారికేడ్లు. పరగడుపున షుగర్ టెస్టుకని బయల్దేరిన పెద్దాయన ఆటోలో ఇరుక్కున్నాడు. పన్నెండవుతోంది, షుగర్ దానంతటదే దిగిపోతోంది. స్తంభానికో లౌడ్ స్పీకరు. శబ్దం సెకనుకి 340 మీటర్లే నడుస్తుంది కదా, 170 మీటర్ల అవతలి స్పీకరు మాట అర సెకను వెనకబడి వచ్చి ఇవతలి మాటమీద పడుతుంది. డిలే సరిచేసే ఓపిక ఎవరికీ లేదు. అందుకని "చెందవద్దు" కాస్తా "వద్దు... వద్దు... వద్దు" అయింది.

"ఏం వద్దంటున్నారు బాబూ?" అన్నాడు పెద్దాయన.

"ఆందోళన వద్దంట బాబాయ్," అన్నాడు కానిస్టేబులు.

"చెందొద్దనా, చెయ్యొద్దనా?"

కానిస్టేబులు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "రెండూ."

ఒకే మాటకి రెండర్థాలుండటం పాలకుల అదృష్టం. చెందితే ఓదారుస్తారు, చేస్తే గుంపు కూడొద్దని 144 సెక్షన్ (ఇప్పుడది 163) పెడతారు. రాజధాని అమరావతికి భూములిచ్చిన తుళ్ళూరు, మందడం, వెలగపూడి రైతులు రెండూ చూశారు. 2015 అక్టోబర్ 22న శంకుస్థాపనకి పార్లమెంటు మట్టి, యమున నీళ్ళు వచ్చాయి. 2019 డిసెంబర్‌లో రాజధాని మూడు ముక్కలన్నారు. 2025 మే 2న మళ్ళీ సభ, మళ్ళీ పనుల ప్రారంభం. ప్రతిసారీ అదే ఓదార్పు. భూమి తీసుకునేటప్పుడు మాత్రం కాగితం మీద అంకెలున్నాయి: ఎకరాకి ఏటా మెట్టకి 30 వేలు, జరీబుకి (ఏటి ఒడ్డు సారవంతమైన నేలకి) 50 వేలు కౌలు, పదేళ్ళు. మూడు నెలల్లో ప్లాట్లివ్వండని 2022 మార్చి 3న హైకోర్టు అన్నదంటే ఆ కాగితం ఉండబట్టి. ఉపన్యాసం పట్టుకుని ఏ కోర్టు గుమ్మం ఎక్కుతాం? ఏడాదికి మూడు పంటలు పండే నేల చేతుల్లో పెట్టినవాణ్ణి ఆందోళన పడొద్దనడానికి మీరెవరయ్యా? ఏ తారీఖుకి ఏం చేస్తారో చెప్పి చావండి. పడాలో మానాలో వాడు చూసుకుంటాడు.

సరే, సభకి వద్దాం. అంత పెద్ద వేదికమీద అంకె పలికినవాడు ఒక్కడే. అందరికంటే ముందొచ్చి, స్టాండు ఎత్తు సరిచేసి, జాలీమీద వేలితో కొట్టి అన్నాడు:

"హలో... మైక్ టెస్టింగ్... వన్, టూ, త్రీ."