నిశ్శబ్దం పాటించండి, మైకులో చెబుతున్నాం!

నిశ్శబ్దానికి కూడా సౌండ్ సిస్టమ్ పెట్టాలన్న ఆలోచన మన హైదరాబాద్‌లో ఎవరి బుర్రలో పుట్టిందో గానీ, ఆ మహానుభావుడికి శాలువా కప్పాల్సిందే. నగరం పడమటి శివారులో ఓ పాత కంకర క్వారీ గుంత ఉంది. ఈమధ్యే దానికి ‘ప్రశాంత ప్రకృతి విహార సరస్సు’గా ప్రమోషన్ వచ్చింది. చుట్టూ స్తంభాలు, స్తంభానికో స్పీకరు. కాసేపటికోసారి ఓ తియ్యని గొంతు: ‘ప్రియమైన సందర్శకులారా, పక్షులకు ఇబ్బంది కలగకుండా నిశ్శబ్దం పాటించండి.’ ఆ మాటకు అవతలి ఒడ్డున కొంగలన్నీ లేచిపోతాయి. నిశ్శబ్ద మండలంలో పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. నిశ్శబ్దం గురించి చేసే ప్రకటనకు అవి వర్తించవేమో, లాయర్లు చెప్పాలి.

ఈ గుంత పుట్టుక మనందరికీ తెలిసిందే. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌ను బ్లాస్టింగ్ చేసి, క్రషర్లో వేసి, 20 ఎంఎం, 40 ఎంఎం కంకర చేసుకుని మనమంతా ఫ్లాట్లు కట్టుకున్నాం. భూగర్భ జలాల మట్టం కిందికి తవ్వాక నీళ్లు తోడే పంపులు ఆపేశారు, ఊట, వాన కలిసి గుంత నిండింది. ఆ తర్వాత కొన్నేళ్లు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అదే దాని స్వర్ణయుగం. లకుముకి పిట్టలొచ్చాయి, నీటికాకులొచ్చాయి, బుడుబుంగలొచ్చాయి, రాతి గోడల్లో గుడ్లగూబ కాపురం పెట్టింది. ఒక్క టెండరు లేదు, ఒక్క శంకుస్థాపన లేదు.

అంత ప్రశాంతతను చూసి అభివృద్ధి కమిటీకి టెన్షన్ పట్టుకున్నట్టుంది. ప్రకృతి లోటు తీర్చడానికి ఒడ్డు పొడవునా బండరాళ్లు దింపారు. ఫైబర్ బండరాళ్లు! ఓ సాయంత్రం కాళ్లు నొప్పిపుట్టి ఒకదానిమీద కూర్చోబోతే సెక్యూరిటీ అతను విజిల్ వేస్తూ పరుగెత్తుకొచ్చాడు.

‘ఇది కూసునే బండ కాదు సార్. ఫైబర్ది, పలుగుతది.’

‘మరి అసలు బండలేవయ్యా?’

‘అవి ఎప్పుడో టిప్పర్లల్ల పోయినయ్ సార్.’

ఇంతకీ ఆ బండ కడుపులో ఇంకో స్పీకరు. అందులోంచి కోయిల కూత. పక్కనున్న వేపచెట్టు మీది అసలు కోయిల, తన ఇలాకాలోకి వేరే మగకోయిల దూరిందనుకుని పోటీకి దిగింది. అది ఒకటి అంటే బండ ఒకటి అంటుంది. అది గొంతు పెంచితే బండ అదే శ్రుతిలో, అదే తాళంలో, ఆయాసమన్నది లేకుండా జవాబిస్తుంది. పాపం పిట్టకు గొంతు బొంగురుపోతోంది, బండకేమో కరెంటు కనెక్షన్ ఉంది. ఇంతలో ఎవరి ఫోనో కలిసింది కాబోలు, కోయిల సగం కూతలో ఆగి ‘బ్లూటూత్ కనెక్టెడ్’ అంది. ఆ వెంటనే బండలోంచి తీన్మార్ మొదలైంది. ప్రీ వెడ్డింగ్ షూటు జంట స్టెప్పులేసింది, పైన డ్రోన్ తిరిగింది, విజిల్ మళ్లీ మోగింది. తీన్మార్ మధ్యలోనే తియ్యని గొంతు: ‘నిశ్శబ్దం పాటించండి.’

బండల మధ్య దాగి ఉందనే కదా ఒకప్పుడు దుర్గం చెరువును సీక్రెట్ లేక్ అన్నారు! 2020లో తీగల వంతెన వేసి, రంగు రంగుల లైట్లు పెట్టి ఆ రహస్యాన్ని ఊరంతటికీ చెప్పేశాం. ఈ గుంతకూ ఆ యోగం పట్టాలని మనవాళ్ల తపన.

సరే, నవ్వుకున్నది చాలు. క్వారీ గుంతకు చెరువులా మెల్లగా లోతయ్యే అంచు ఉండదు. రాతిగోడ నిట్టనిలువుగా కోసి ఉంటుంది, ఒక్క అడుగు తేడాలో మనిషి మునిగిపోతాడు. పట్టుకోవడానికి గడ్డిపోచ దొరకదు. ఎండాకాలం సెలవుల్లో ఇలాంటి గుంతల్లో ఈతకు దిగి చనిపోయిన పిల్లల వార్తలు ఏటా పేపర్లో లోపలి పేజీలో చదువుతూనే ఉన్నాం. ఈ ఒడ్డున గుండె బొమ్మతో సెల్ఫీ పాయింట్ ఉంది. మునిగేవాళ్లకు విసిరే లైఫ్‌బాయ్ రింగు లేదు. లోతు చెప్పే బోర్డు లేదు. తాడు లేదు. ఇక్కడ పిల్లాడు మునిగిపోతూ అరిస్తే ఆ కేక ఎవరికి వినబడుతుందయ్యా, మీ స్పీకర్ల హోరులో? సిగ్గుండాలి. ఏ దొంగకూతల బండకు బిగించిన కేబుల్ ఉందో, కనీసం దాన్నైనా పీకి గట్టున కట్టండి. పట్టుకోవడానికి పనికొస్తుంది.