111 జీవో చెరువుల కోసమే కాదు, నేల కోసం కూడా

"111 జీవోకు కాలం చెల్లింది. గండిపేట నీళ్ళు ఇప్పుడు తాగేదెవరు? 84 ఊళ్ళ రైతుల నోట్లో మట్టి కొట్టి ఎన్నాళ్ళు ఆ చెరువులను కాపాడతారు? ఎలాగూ కట్టాల్సినవాళ్ళు కట్టేసుకున్నారు. మిగతా నేల కూడా వదిలేసి ఎస్టీపీలు (మురుగునీటి శుద్ధి కేంద్రాలు) పెడితే సరిపోతుంది." హైదరాబాద్ పక్కన గండిపేట (ఉస్మాన్‌సాగర్), హిమాయత్‌సాగర్ చెరువుల చుట్టూ ఉన్న 84 ఊళ్ళలో కట్టడాలకు ఆంక్షలు పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వే ఈ 111 జీవో. అక్కడి మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ప్లాట్ల మాట వచ్చినప్పుడల్లా ఈ వాదన ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. మా బంధువుల్లో బాగా చదువుకున్నవాళ్ళే నాకు నాలుగుసార్లు పంపారు. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు తాగే నీళ్ళ సంగతి. నగరానికి అందే నీటిలో ఈ రెండు జలాశయాల వాటా 1.25 శాతం లోపేనని, 2022 ఏప్రిల్‌లో ఆంక్షలు సడలించిన 69వ జీవోలోనే ఉంది. ఆ లెక్కతో నాకు పేచీ లేదు. కానీ వీటిని కట్టాలన్న ఆలోచన పుట్టిందే వరద వల్ల. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ (1920), దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. నీళ్ళు తాగినా తాగకపోయినా, నగరానికి ఎగువన ఆ రెండు కట్టలే కాపలా. 2020 అక్టోబరు వానలకు హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ ఒడ్డు బస్తీల వాళ్ళు పడిన టెన్షన్ అందరూ చూశారు. ఇంకో మాట. ఈ నీళ్ళు పల్లానికి వాటంతట అవే వస్తాయి. కృష్ణా, గోదావరి నీళ్ళను వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి మోటార్లతో ఎత్తిపోసుకోవాలి.

1996 మార్చి 8న వచ్చిన ఈ జీవో చెరువుకు కంచె వేసి ఊరుకోలేదు. చెరువుకు నీళ్ళు ఇచ్చే నేలకు హద్దు గీసింది. పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల లోపు కాలుష్యం తెచ్చే ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు వద్దంది. లేఅవుట్ వేస్తే 60 శాతం రోడ్లకూ ఖాళీ జాగాకూ వదలమంది. 90 శాతం నేలను వినోద, పరిరక్షణ జోన్‌లో ఉంచింది. సేద్యం కూడా అందులో భాగమే. మొత్తం సుమారు 1.32 లక్షల ఎకరాలు.

ఇదంతా ఎందుకో తెలియాలంటే, గట్టి వాన వెలిసిన గంటకు అటు వెళ్ళి ఒక చెల్కలో నిలబడాలి. చెప్పుకు ఎర్రమట్టి అంటుకుంటుంది కానీ నీళ్ళు పైన నిలవవు. చాలా భాగం లోపలికి ఇంకి, మిగిలింది మెల్లగా వాగు పట్టుకుంటుంది. పక్కనే సీసీ రోడ్లు వేసిన వెంచర్‌లోకి నడవండి. అక్కడ అదే వాన అప్పటికే ప్లాస్టిక్ కవర్లనూ, బండ్ల ఆయిల్‌నూ ఈడ్చుకుంటూ కాలువలో పడిపోయి ఉంటుంది. ఎస్టీపీ శుద్ధి చేసేది పైపుల్లో వచ్చే మురుగును. రోడ్ల మీద పారే వాననీటిని అది పట్టుకోలేదు, భూమిలో ఇంకాల్సిన చుక్కను తిరిగి ఇవ్వలేదు. ఒకప్పుడు నగరానికి తాగునీరిచ్చిన హుస్సేన్‌సాగర్ నాలాల పాలై ఏమైందో కళ్ళ ముందే ఉంది.

"కట్టాల్సినవాళ్ళు కట్టేసుకున్నారు" అనేది వాదనే కాదు. తప్పు జరిగితే తప్పు చేసినవాళ్ళ మీద చర్య ఉండాలి, రూల్‌ను తీసేయడం కాదు. "నష్టమని రుజువు చేయండి" అనేవాళ్ళకు సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్ ఫ్యాక్టరీ కేసులో, హాని లేదని రుజువు చేయాల్సింది కట్టాలనుకునేవాడేనంది. ప్రభుత్వం ఆ ఫ్యాక్టరీకి ఇచ్చిన మినహాయింపు కూడా 2000లో చెల్లలేదు.

ఇక రైతు. ఇక్కడ నేను గొంతు తగ్గించి మాట్లాడతాను, ఎందుకంటే ఈ బాధ నిజం. హద్దుకు అవతల ఎకరం కోట్లు పలుకుతుంటే, ఇవతల అదే ఎర్రనేల ఉన్నవాడు పాతికేళ్ళుగా బిడ్డ పెళ్ళికి అప్పు చేస్తున్నాడు. నగరాన్ని కాపాడే భారం ఆ 84 ఊళ్ళ మీదే వేసి, వాళ్ళకు మనం పైసా ఇవ్వలేదు. అది అన్యాయం.

కానీ జోన్ మారిస్తే లాభం ఎవరికి? ఇక్కడ ఎంతో భూమి ఎప్పుడో చేతులు మారింది. జీవో ఉందని తెలిసి, జీవో వల్లే చవగ్గా కొని, ప్రహరీ కట్టి గేటుకు తాళం వేసినవాళ్ళది అది. ఆంక్షలు పోతే రాత్రికి రాత్రి వాళ్ళ ఆస్తి పెరుగుతుంది. అమ్ముకున్న రైతుకు మిగిలేది ఆ గేటు దగ్గర కాపలా పనే.

రోడ్డు వెడల్పులో జాగా పోయినవాళ్ళకు జీహెచ్ఎంసీ టీడీఆర్ (పోయిన జాగాకు బదులు వేరే చోట కట్టుకునే, అమ్ముకోగల హక్కు) సర్టిఫికెట్లు ఇస్తోంది. వాటిని బిల్డర్లు కొని వేరే చోట అదనపు అంతస్తులు వేసుకుంటున్నారు. ఆ పద్ధతినే ఇక్కడికి తెచ్చి, ఇప్పటికీ సొంతంగా సాగు చేసుకుంటున్న రైతుకు ఏటా ఎకరానికి ఇంతని, దాంతోపాటు టీడీఆర్ ఇవ్వొచ్చు. దానికి ముందు ఒక పని జరగాలి. 1996 మార్చి తర్వాత ఈ ఊళ్ళలో ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలు అమ్ముడుపోయాయో, అందులో సాగులో ఉన్నది ఎంతో ఊరివారీగా పంచాయతీ ఆఫీసు గోడ మీద అతికించండి. రైతు పేరు చెప్పి జోన్ మార్చమనేవాళ్ళు ముందు ఆ లెక్క అడగాలి.